థార్ ఎడారిలో సౌర విద్యుత్తు - బ్యాటరీ నిల్వ ఆవశ్యకత

పశ్చిమ రాజస్థాన్‌లో విస్తరించిన థార్ ఎడారి, దేశంలో సౌరశక్తి అత్యధికంగా లభించే ప్రాంతాలలో ఒకటి. వర్షాభావం వల్ల సేద్యానికి అంతగా అనుకూలించని ఈ భూములు నేడు విద్యుదుత్పత్తి కేంద్రాలుగా రూపొందుతున్నాయి. 2010 జనవరిలో ప్రారంభమైన జాతీయ సౌర మిషన్ 2022 నాటికి 20,000 మెగావాట్ల ఉత్పత్తిని లక్ష్యంగా నిర్దేశించుకోగా, 2015లో ఆ లక్ష్యాన్ని 1,00,000 మెగావాట్లకు పెంచారు.

భడ్లా సౌర పార్కు

ఫలోడీ సమీపంలో సుమారు 14,000 ఎకరాలలో నెలకొన్న భడ్లా సౌర పార్కు సామర్థ్యం 2,245 మెగావాట్లు. 2017 మే నెలలో ఇక్కడ నిర్వహించిన వేలంలో యూనిట్ ధర రూ.2.44కు దిగివచ్చింది. ఇసుక తుపానుల వల్ల పలకలపై పేరుకునే ధూళి ఉత్పత్తిని తగ్గిస్తుంది. నీటి కొరత దృష్ట్యా పలకలను నీరు అవసరం లేని యంత్రాలతో శుభ్రపరిచే విధానాన్ని ప్రవేశపెట్టారు.

నిల్వ ఎందుకు?

సౌర విద్యుత్తు మధ్యాహ్నం పతాక స్థాయికి చేరుతుంది. గృహ వినియోగం మాత్రం సూర్యాస్తమయం తర్వాతనే పెరుగుతుంది. పగటి విద్యుత్తును తరలించడానికి లైన్లు చాలనప్పుడు ఉత్పత్తిని తగ్గించుకోవలసి వస్తుంది. సాయంత్రం తిరిగి బొగ్గు కేంద్రాలపై ఆధారపడవలసి వస్తుంది. కొండలు, నీరు ఉన్నచోట నీటిని ఎగువకు పంపు చేసి నిల్వ ఉంచే పద్ధతి అనుకూలం. నంద్యాల జిల్లా పిన్నాపురం ప్రాజెక్టు అటువంటిదే. ఆ రెండూ కొరవడిన ఎడారికి బ్యాటరీలే అనువైన మార్గం.

పనిచేసే తీరు

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలను కంటైనర్లలో అమర్చి, ఇన్వర్టర్ల ద్వారా గ్రిడ్‌కు అనుసంధానిస్తారు. 100 మెగావాట్ల చొప్పున రెండు గంటలు సరఫరా చేయగల కేంద్రంలో 200 మెగావాట్-గంటలు, అనగా 2 లక్షల యూనిట్లు నిల్వ ఉంటాయి. నిల్వ చేసిన ప్రతి 100 యూనిట్లలో సుమారు 85 యూనిట్లు తిరిగి లభిస్తాయి. అధిక ఉష్ణోగ్రత బ్యాటరీల ఆయుష్షును తగ్గిస్తుంది. అందువల్ల ఎడారిలో శీతలీకరణ, అగ్నిమాపక ఏర్పాట్లు, కంటైనర్ల మధ్య తగిన దూరం తప్పనిసరి.

ప్రభుత్వ చర్యలు

4,000 మెగావాట్-గంటల నిల్వ కేంద్రాల స్థాపనకు మూలధన వ్యయంలో 40 శాతం వరకు ఆర్థిక సహాయం అందించే పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2023 సెప్టెంబరులో ఆమోదించింది. భావి సౌర టెండర్లలో ప్రాజెక్టు సామర్థ్యంలో కనీసం 10 శాతానికి సమానమైన, రెండు గంటల నిల్వను చేర్చాలని 2025 ఫిబ్రవరిలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ సూచించింది.

పర్యావరణ పరిరక్షణ

రోళ్లపాడు అభయారణ్యం ద్వారా తెలుగువారికి పరిచితమైన బట్టమేక పిట్టకు థార్ ప్రధాన ఆవాసం. అంతరించే దశలో ఉన్న ఈ పక్షులు విద్యుత్ తీగలకు తగిలి మరణిస్తున్నందున, తీగలను భూగర్భంలో వేయాలని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశాన్ని 2024 మార్చిలో సవరించి, నిపుణుల కమిటీని నియమించింది. పశుపోషణపై జీవించే గ్రామాలకు పచ్చిక బయళ్లు, గ్రామదేవతల పేరిట రక్షించుకుంటున్న ఓరణ్ వనాలు కూడా ప్రాణాధారాలే. బ్యాటరీ నిల్వ వల్ల ఉన్న లైన్లను సాయంత్రం వేళ కూడా వినియోగించుకునే వీలు కలుగుతుంది; తద్వారా కొత్త లైన్ల అవసరం కొంత తగ్గుతుంది. ఎడారి ఎండ రాత్రి దీపంగా మారాలంటే ఉత్పత్తి, నిల్వ, ప్రసారం, పరిరక్షణ అనే నాలుగింటినీ సమన్వయంతో చేపట్టవలసి ఉంటుంది.