వ్రేలిముద్ర: సాక్షి తాళపుచెవి యైన వృత్తాంతము

1858వ సంవత్సరము జూలై మాసమున, సిపాయిల తిరుగుబాటు వేడి యింకను చల్లారని దినములలో, వంగదేశమందలి జంగీపురమున విలియం జేమ్స్ హెర్షెల్ అను యువ సివిలు ఉద్యోగి, బాటలకు పరచు కంకర 2000 మణుగులు సరఫరా చేయుటకై రాజ్యధర కోణాయి అను స్థానిక గుత్తదారుతో ఒక ఒడంబడిక వ్రాయించుకొనెను. చేవ్రాలు చేసినవాడే కొన్నాళ్ళకు అది తనది కాదని న్యాయస్థానమున ప్రమాణము చేయుట ఆ ప్రాంతపు వ్యవహారములలో నిత్యకృత్యమై యుండుటచే, హెర్షెల్ కచేరీ ముద్రకై సిద్ధపరచియుంచిన నూనెసిరాను కోణాయి అరచేతికి పూయించి, ఆ చేతిని పత్రము వెనుక అద్దించెను. ఇందులో శాస్త్రజ్ఞానమేమియు లేదు. మాట తప్పవలెనను తలంపు ఆ మనుష్యునకు కలుగకుండ భయపెట్టుట యొక్కటే అతని ఉద్దేశము. అయినను, యురేనస్ గ్రహమును కనుగొనిన ఖగోళవేత్తకు మనుమడును, మరియొక ఖగోళవేత్తకు కుమారుడును అయిన యీతడు, ఆ అరచేతి ముద్రను చూచి అంతటితో విడువక, నాటి నుండి తన వ్రేళ్ళ ముద్రలను, తన మిత్రుల వ్రేళ్ళ ముద్రలను సంవత్సరముల తరబడి తీసి భద్రపరచి, చర్మముపై గీతలు కాలక్రమమున మారవని నిశ్చయించుకొనెను.

రెండేండ్లకు నదియా జిల్లాలో నీలిమందు రైతుల అలజడి చెలరేగినపుడు, తోటదొరల పక్షమునను రైతుల పక్షమునను కూటపత్రములు న్యాయస్థానములను ముంచెత్తుట హెర్షెల్ స్వయముగా చూచెను. కౌలు పత్రములపై వ్రేలిముద్ర వేయింపవలెనని అతడు చేసిన సూచన అప్పుడు ఫలింపలేదు. 1877లో హుగ్లీ జిల్లా కలెక్టరైన పిమ్మట మాత్రము, తన చేతిలోనున్న అధికారముతో, అతడు మూడు తావుల వ్రేలిముద్రను ప్రవేశపెట్టెను: పింఛను పుచ్చుకొనువారి యెడల, దస్తావేజులు రిజిష్టరు చేయించుకొనువారి యెడల, చెరసాలకు వచ్చువారి యెడల. మరణించిన పింఛనుదారుని పేర అతని బంధువు సొమ్ము పుచ్చుకొనుట, ఒకని భూమిని మరియొకడు తానే ఆ యాసామినని చెప్పి విక్రయించుట, శిక్ష పడినవాడు సొమ్మిచ్చి మరియొకనిని తనకు మారుగా చెరకు పంపుట అను మూడు మోసములకును మూలము ఒక్కటే. ఎదుట నిలిచిన మనుష్యుడు తాను చెప్పుకొనుచున్నవాడు అవునా కాదా అని తేల్చు సాధనము ప్రభుత్వమునకు లేకపోవుట. ఆ యేటి ఆగష్టులో ఈ పద్ధతిని విస్తరింపజేయవలెనని కోరుచు హెర్షెల్ చెరసాలల పై యధికారికి వ్రాసిన లేఖకు ప్రోత్సాహము లభింపలేదు. మరుసటి యేడు అతడు ఉద్యోగము విరమించి స్వదేశమునకు వెడలిపోయెను.

దస్తావేజును కాపాడుటకై వ్రేలిముద్ర కచేరీలో అడుగిడెనను ఈ సంగతిని పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెనని ప్రార్థన. ముందు దీనితో పని యున్నది.

తరువాతి కథ పలుదేశములకు చెందినది. జపానులో వైద్యము చేయుచుండిన స్కాట్లండు దేశీయుడు హెన్రీ ఫాల్డ్స్, ప్రాచీన మృణ్మయ పాత్రలపై కుమ్మరుల వ్రేళ్ళ గుర్తులను చూచి యోచించి, నేరస్థలమున దొరకిన ముద్రలచే నేరస్థుని పట్టవచ్చునని 1880లో నేచర్ పత్రికకు వ్రాసెను. ఫ్రాన్సిస్ గాల్టన్ 1892లో ఈ విషయమై సమగ్ర గ్రంథమును ప్రకటించెను. అదే సంవత్సరమున అర్జెంటీనాలో హువాన్ వుసెటిచ్ పద్ధతి ననుసరించి, తలుపుపై నెత్తుటి వ్రేలిగుర్తు ఆధారముగా, తన బిడ్డలనే చంపుకొనిన యొక స్త్రీ నేరమును పోలీసులు నిరూపించిరి. కాని వేలకొలది ముద్రలు పోగైనపుడు, అందులో కావలసిన దానిని వెదకి తీయుట యెట్లు? ఈ చిక్కు విడనంతవరకు వ్రేలిముద్ర వింతవస్తువే గాని పోలీసు సాధనము కానేరదు. దీనిని విప్పిన కీర్తి కలకత్తాకు దక్కినది, అందులోను ఇరువురు భారతీయులకు దక్కవలసియున్నది.

ఎడ్వర్డ్ హెన్రీ 1891లో వంగదేశపు పోలీసు ఇన్‌స్పెక్టరు జనరలుగా నియమింపబడెను. నాడు ప్యారిసులో బెర్టిలాన్ కల్పించిన అంగప్రమాణ పద్ధతి, అనగా తల పొడవు, మధ్యవ్రేలి పొడవు, పాదము పొడవు మొదలగునవి కొలిచి నేరస్థుని గుర్తుపట్టు విధానము, ప్రచారములో నుండెను. ఒకే మనుష్యుని ఇద్దరు జవానులు కొలిచిన రెండు లెక్కలు వచ్చుచుండుటచే హెన్రీకి దానియందు విశ్వాసము సడలెను. అతని కచేరీలో పనిచేయుచుండిన అజీజుల్ హక్ కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో గణితము చదివిన యువకుడు. హేమచంద్ర బోసు అతని సహోద్యోగి. మన సాముద్రికులు శంఖములనియు చక్రములనియు అనాదిగా చెప్పుచు వచ్చిన ఆకారములే వీరి గణితమునకు ముడిసరకు. పది వ్రేళ్ళను ఐదు జంటలుగా విడదీసిరి. మొదటి జంటలో చక్రమున్న వ్రేలికి 16, రెండవ జంటలో 8, ఆపైన వరుసగా 4, 2, 1 అని విలువ కట్టిరి. చక్రము లేని వ్రేలికి సున్న. ప్రతి జంటలో ఒక వ్రేలి విలువ లవమునకు, రెండవ దాని విలువ హారమునకు చేర్చి, తుదకు రెండింటికిని ఒకటేసి కలిపిరి. ఎట్టి మనుష్యుని చేతులైనను ఇట్లొక భిన్నమగును. లవము 1 మొదలు 32 వరకు, హారము 1 మొదలు 32 వరకు నుండును. కావున 32 అడ్డవరుసలు, 32 నిలువువరుసలు గల బీరువాలో 1024 గూళ్ళు చాలును. క్రొత్తగా పట్టుబడినవాని ముద్రలు తీసి, భిన్నము కట్టి, ఆ గూటిలో వెదకిన, వాడు పూర్వము ఏ పేరుతో ఏ జిల్లాలో శిక్ష పొందెనో నిమిషములలో తేలిపోవును. పేరు మార్చుకొని ఊరు మార్చుకొని తిరుగు పాతనేరస్థునకు అంతవరకు గల అభయము ఈ బీరువాతో ముగిసినది. ఈ గణితసౌందర్యమును తలంచినపుడు, దానికి హెన్రీ పద్ధతియని లోకము పెట్టిన పేరు నా మనస్సునకు మిక్కిలి కష్టముగా నుండును. హక్‌కు ఖాన్ బహదూర్ బిరుదమును, బోసుకు రాయ్ బహదూర్ బిరుదమును కాలక్రమమున లభించినవి గాని, పాఠ్యగ్రంథములలో వారి పేరు చోటు చేసికొనుటకు శతాబ్దము పట్టినది.

1897 జూన్‌లో గవర్నరు జనరలు ఈ పద్ధతిని భారతదేశ మంతటికిని ఆమోదించెను. కలకత్తాలో ప్రపంచములోకెల్ల మొదటి వ్రేలిముద్రల కార్యాలయము వెలసెను. దానికి పరీక్ష వెంటనే వచ్చినది. ఆ యేటి ఆగష్టులో జల్పాయిగురి జిల్లాలోని యొక తేయాకు తోట మేనేజరు రాత్రివేళ తన పడకగదిలో గొంతు కోయబడి చనిపోయెను; సొమ్మును పోయెను. అనుమానము పలువురిపై ప్రసరించినది. కాగితముల పెట్టెలో దొరకిన యొక వంగ పంచాంగముపై గోధుమరంగు మరకలు రెండు కనిపించినవి. అందొకటి కుడిచేతి బొటనవ్రేలిదని కలకత్తాలో గుర్తించిరి. మేనేజరు వద్ద పూర్వము పనిచేసి, ఆయన ఫిర్యాదుపైననే దొంగతనమునకు శిక్షపడిన కంగాలీ చరణ్ అనువాని ముద్రతో అది సరిపోయినది. 1898లో న్యాయస్థానము వానికి దొంగతనము నేరము క్రింద శిక్ష విధించినది. హత్యానేరము నుండి మాత్రము విముక్తుని చేసినది. పంచాంగమును తాకినది వాని చేయియని ముద్ర చెప్పినది. గొంతు కోసినది వాని చేయియని చెప్పలేదు. క్రొత్త విద్య పుట్టిన నాడే దాని యెల్లను ఇంత స్పష్టముగా గీచిన ఆ తీర్పునకు నేను నమస్కరింతును. అటుపిమ్మట అమెరికాలోను ఐరోపాలోను ఈ యెల్లను మరచిన సందర్భములు లేకపోలేదు. 2004లో మాడ్రిడ్ రైలు ప్రేలుళ్ళ సందర్భమున అమెరికా దర్యాప్తు సంస్థ, సంచిపై దొరకిన యొక ముద్రను నమ్మి, ఏ పాపము నెరుగని న్యాయవాది నొకనిని నిర్బంధించి, తరువాత క్షమాపణ చెప్పుకొనవలసి వచ్చినది.

1899లో సాక్ష్యచట్టమును సవరించి వ్రేలిముద్రల నిపుణుని అభిప్రాయమునకు న్యాయస్థానమున స్థానము కల్పించిరి. 1901లో హెన్రీ లండనునకు పోయి స్కాట్లండు యార్డులో ఇదే బీరువాను నెలకొల్పెను. 1905లో డెప్ట్‌ఫర్డ్ దుకాణదారుని హత్యకై స్ట్రాటన్ సోదరు లిరువురు, డబ్బుపెట్టెపై నొక బొటనవ్రేలి గుర్తు మూలమున, ఉరికంబ మెక్కిరి.

కలకత్తా పద్ధతి నేరస్థుని పట్టుటకు పుట్టినది. అధికారము దానిని నేరము చేయనివానిపైకి కూడ త్రిప్పినది. 1911వ సంవత్సరపు నేరజాతుల చట్టము, ప్రకటిత జాతిలో పుట్టి దాఖలాకెక్కిన వాని వ్రేలిముద్రలను అధికారులు ఎప్పుడైనను తీయింపవచ్చునని విధించినది. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల యెరుకలవారిని బాపట్ల చెంతనున్న స్టూవర్టుపురమునను, కావలిలోను నివాసములు కట్టి యుంచి హాజరు పట్టీలలో బంధించిన కాలమిదియే. ఉప్పు, ధాన్యము ఎడ్లపైనను గాడిదలపైనను వేసికొని ఊరూర నమ్ముకొను వృత్తి రైలుబండి రాకతో కూలిపోయిన జనులు, పుట్టుకతోడనే దొంగలుగా లెక్కింపబడిరి. బిడ్డ పెరిగి యేమి చేయునో తెలియకముందే వాని వ్రేళ్ళు సిరా నెరిగినవి. ఈ చట్టము దేశమంతటను 1952లో గాని రద్దు కాలేదు. దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్‌లో 1906లో భారతీయులందరును పదివ్రేళ్ళ ముద్రలిచ్చి పేర్లు నమోదు చేయించుకొనవలెనను శాసనము రాగా, చట్టరీత్యా నేరస్థుల నుండియే గ్రహింపదగిన వానిని సకల జనులనుండి కోరుట అవమానమని గాంధీజీ హెన్రీ గ్రంథమునే చదివి తెలిసికొనెను. సత్యాగ్రహము పుట్టిన సందర్భములలో వ్రేలిముద్ర యొకటి.

ఇక దొంగల సంగతి. చేతితొడుగు వారి మొదటి సమాధానము. 1934లో అమెరికా బందిపోటు డిల్లింజరు ద్రావకముతో వ్రేలికొనలను కాల్చుకొనెను, కాని గీతల జాడ పూర్తిగా పోలేదు. వీరందరును తమ ముద్రను దాచుకొనువారు. పరుల ముద్రను సృష్టింపవచ్చునను నూహ 1907 నాటికే ఆస్టిన్ ఫ్రీమన్ అను వైద్యరచయిత వ్రాసిన నవలలో నున్నది. అపరాధపరిశోధక కథలలో అది చిత్రమైన కల్పనగా నిలిచిపోయినది. యంత్రము మనుష్యుని స్థానమున కూర్చుండిన పిమ్మట ఆ కల్పనకు రెక్కలు వచ్చినవి. నిపుణుడు భూతద్దముతో చూచుకాలమున, ముద్రపడిన స్థలము, వస్తువు, ఒత్తిడి అన్నియు పరిశీలింపబడెడివి. యంత్రము గీతలను మాత్రమే చూచును. 2002లో జపానులో యోకొహామా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు మత్సుమోతో, మిఠాయిలలో వాడు జెలటినుతో కృత్రిమ వ్రేళ్ళను తయారుచేసి, నాటి యంత్రములు వానిని నిజమైన వ్రేళ్ళుగా అంగీకరించుట లోకమునకు నిరూపించి చూపెను.

మన దేశమున 2010లో ఆరంభమైన ఆధార్, హెర్షెల్ పింఛనుదారుల కొరకు చేసినదానిని కోట్ల జనులకు చేసినది. ఇందువలన కలిగిన మేలును తక్కువచేసి చెప్పుట న్యాయము కాదు. చచ్చినవారి పేర పింఛను, లేనివారి పేర రేషను తినుట కష్టమైనది. పల్లెలో బ్యాంకు గడప తొక్కని ముసలమ్మ, బ్యాంకు మిత్ర యెదుట బొటనవ్రేలుంచి తన సొమ్ము తాను పుచ్చుకొనుచున్నది. ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వ్రేలిముద్ర ఉన్న చాలును. రహస్య సంకేతమును, ఫోనుకు వచ్చు ఓటీపీయు అక్కరలేదు. అక్షరజ్ఞానము లేనివారికి ఇది వరము. దొంగకును అంతే సులభము.

2018 జూన్‌లో హైదరాబాదు పోలీసులు బయటపెట్టిన వ్యవహారమును ఇచట చెప్పవలెను. తెలంగాణలోని యొక చిన్న యూరిలో సిమ్ కార్డుల వ్యాపారి, తనకు విధించిన అమ్మకాల లక్ష్యము నందుకొనుటకై, రిజిస్ట్రేషను శాఖ అంతర్జాలమున నుంచిన భూమి విక్రయ దస్తావేజుల ప్రతులను దింపుకొనెను. వానియందు క్రయవిక్రయదారుల వ్రేలిముద్రలు నున్నవి. ఆధార్ సంఖ్యలు నున్నవి. రబ్బరు స్టాంపులు చేయు యంత్రముతో ఆ ముద్రలను రబ్బరుపై పోతపోసి, ఊరు పేరు తెలియని రైతుల పేర వేలకొలది సిమ్ కార్డులను చలామణి చేసెను. అటుపిమ్మట ఇట్టి ముద్రలతోనే బ్యాంకు ఖాతాలనుండి సొమ్ము లాగిన ఉదంతములు పలు రాష్ట్రములలో వెల్లడియైనవి. 1877లో హుగ్లీ రిజిస్ట్రారు కచేరీలో, భూమి పరులపాలు కాకుండుటకై రైతుచేత వేయించిన ముద్ర, నూటనలుబది యేండ్ల పిమ్మట అదే రిజిస్ట్రారు పుస్తకము నుండి ఆ రైతునే దోచుటకు ఉపయోగపడినది.

దోషము వ్రేలిది కాదు, గీతలది కాదు. వ్రేలిముద్రను మనము పూనించిన పనియందున్నది. కలకత్తాలో అది సాక్షి. సాక్షి పదుగురిలో తిరిగినను, పదిచోట్ల కనిపించినను సాక్ష్యమునకు హాని లేదు. బ్యాంకులో అది తాళపుచెవి. తాళపుచెవి రహస్యముగా నుండవలెను. పోయినచో మార్చుకొనుటకు వీలుండవలెను. మనుష్యుడు తాకిన ప్రతి గ్లాసుపైనను, ప్రతి తలుపుపైనను, ప్రతి దస్తావేజుపైనను విడిచిపోవు గుర్తు రహస్యమెట్లగును? పోయిన వ్రేలిముద్రకు బదులు మరియొకటి ఎవడు ఈయగలడు? మహోపకారియైన సాక్షిని తీసికొనివచ్చి తాళపుచెవి చేయుటయే, నా దృష్టిలో, ఈ కథయందలి మూలదోషము.

ఆధార్ సంస్థ 2023లో, యంత్రము నంటినది జీవమున్న వ్రేలా కాదా యని పరీక్షించు నేర్పును తన వ్యవస్థలో చేర్చినది. ఇది మంచిపని. రిజిస్ట్రేషను శాఖలు తాము బయట నుంచు ప్రతి దస్తావేజు ప్రతియందును వ్రేలిముద్రలను, ఆధార్ సంఖ్యలను కప్పివేయుట అంతకన్న ముఖ్యమైన పని. ఇందులో మినహాయింపు ఉండరాదు. పాఠకులకు నొక విన్నపము. ఆధార్ వెబ్‌సైటులోను, ఎంఆధార్ యాప్‌లోను బయోమెట్రిక్ లాకు అను సదుపాయము కలదు. అది వేసినయెడల ఆ వ్రేలిముద్రతో ఎవరును సొమ్ము తీయలేరు, పింఛనుకో రేషనుకో అవసరమైనపుడు దానిని తాత్కాలికముగా తెరువవచ్చును. మీ యింటనున్న పెద్దలకు, మీ వీధిలో చదువురాని వారికి, ఈ వారమే దగ్గర కూర్చుండి ఆ లాకు వేసిపెట్టుడు, తెరుచు విధము నేర్పుడు.