రంగంలో పుట్టిన గోదావరి పిల్లాడు

ధవళేశ్వరం ఆనకట్ట గురించి ఎవరు రాసినా కాటన్ దొర దగ్గర మొదలుపెట్టి ఆయన విగ్రహం దగ్గర ఆపేస్తారు. కాలువల్లో నీళ్ళు పారాక కూడా ఇక్కడ బతకలేక వెళ్ళిపోయినవాళ్ళున్నారండి. ఈసారి వాళ్ళ గురించి, ముఖ్యంగా వాళ్ళ పిల్లల గురించి రాస్తున్నా. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక చేసుకోండి.

1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయింది. అదే ఏడాది ఇంగ్లీషువాళ్ళు కింది బర్మాని కలిపేసుకున్నారు. ఇక్కడ గోదావరి డెల్టా, అక్కడ ఐరావతి డెల్టా, రెండుచోట్లా వరే. ఇక్కడ నీళ్ళొచ్చినా సెంటు భూమి లేనోడికి ఏమొచ్చిందండి, ఊడ్పులకీ కోతలకీ నాలుగు రోజుల కూలి. అక్కడ రైసుమిల్లులు, ఓడరేవు, రిక్షాలు. మేస్త్రి ఊళ్ళోకొచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టి కాకినాడలో ఓడెక్కించేవాడు. ఆ బాకీ తీరేదాకా కూలిలో కోతే. రంగూన్‌ని మన పెద్దోళ్ళు రంగం అనేవారు. కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు మనోళ్ళని కొరంగీలనేవారు, అదేం గౌరవమైన పిలుపు కాదు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్‌లో అయితే సగానికి పైగా మన దేశంవాళ్ళే.

ఇప్పుడు ఒక పిల్లాణ్ణి ఊహించుకోండి. 1915లో రంగంలో పుట్టాడు. నాన్న రేవులో మూటలు మోస్తాడు. పిల్లాడికి బర్మా భాష వచ్చు, గోదావరిని మాత్రం చూడలేదు.

వాడికి పదిహేనేళ్ళప్పుడు, 1930 మేలో, రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంట్రాక్టర్లు బర్మా కూలీల్ని తెచ్చిపెట్టుకున్నారు. తర్వాత బేరం కుదిరి మనోళ్ళని మళ్ళీ పిలిచారు. మే 26న బర్మా కూలీలు పనికొస్తే పని లేదన్నారు. వాళ్ళ కోపం కంట్రాక్టరు మీదకి పోలేదు, ఎదురుగా ఉన్న కొరంగీ మీదకి పోయింది. వంద మందికి పైగా చనిపోయారు.

బర్మా రైతు బాధ కూడా చూడాలి. అదే సమయంలో వడ్ల ధర పడిపోయింది. కింది బర్మా ప్రధాన వరి జిల్లాల్లో 1930లో చెట్టియార్ల చేతిలో ఉన్న భూమి 6 శాతం, 1938కి 25 శాతం. అప్పుకింద జమైపోయిందన్నమాట. పొలం పోయిన రైతుకి కోపం రాకుండా ఎలా ఉంటుంది? కానీ అప్పిచ్చినోడూ మూట మోసినోడూ ఒకే దేశంవాళ్ళని ఇద్దర్నీ ఒకే లెక్కలో వేశారు. బర్మా నాయకులకి ఆ లెక్క ఓట్లు తెచ్చింది. భారతీయుల తరఫున మాట్లాడిన పెద్దల్లో వ్యాపారులూ లాయర్లే ఎక్కువ, వాళ్ళకి ఆస్తుల గొడవే ముఖ్యం. కూలోడి కొడుకు ఎవరిని నమ్మాలి?

1941లో ఢిల్లీ ప్రభుత్వమూ రంగూన్ ప్రభుత్వమూ వలసల మీద ఒప్పందం చేసుకున్నాయి, అక్కడుంటున్న భారతీయుల్ని అడక్కుండానే. ఎవరు ఉండొచ్చు, ఎవరికి పర్మిట్టు కావాలి అన్నది పుట్టుకని బట్టి, ఉన్న ఏళ్ళని బట్టి తేలుస్తారట. గాంధీగారు దాన్ని గట్టిగా తప్పుపట్టారు. కూలీల బస్సల్లో పుట్టినోడు రుజువెక్కడ తెస్తాడండి? మన మిల్లుల్లో మూటలు మోసే బీహారు కుర్రాళ్ళనీ, ఊడ్పులకొచ్చే ఒడిశా వాళ్ళనీ ఒక్కసారి గుర్తుచేసుకోండి. వాళ్ళ పిల్లలు మన బడుల్లోనే తెలుగు నేర్చుకుంటున్నారు.

ఆ ఒప్పందం పూర్తిగా అమలయ్యేలోపే 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. లక్షల మంది అడవులూ కొండలూ పట్టుకుని నడిచారు. దారిలో కలరా, మలేరియా. తెల్లవాళ్ళకొక దారి, నల్లవాళ్ళకొక దారి పెట్టారని మన దేశంలో పెద్ద గోలయింది.

యుద్ధం అయ్యాక కొందరు మళ్ళీ వెళ్ళారు. పుట్టిన ఊరు కదా మరి. 1948లో స్వాతంత్ర్యం వచ్చింది, పౌరసత్వానికి కాగితాలు పెట్టుకోమన్నారు. చాలామంది పెట్టుకోలేదు. కొందరికి చదువు లేదు, కొందరికి పెట్టినా ఏమొస్తుందిలే అన్న విరక్తి. ఆ విరక్తికే పెద్ద ధర కట్టాల్సొచ్చింది. 1962లో నే విన్ సైన్యంతో గద్దెనెక్కాడు. 1964 మార్చిలో దుకాణాల్ని ప్రభుత్వం తీసేసుకుంది, మేలో 50, 100 చాట్ల నోట్లు రద్దుచేసింది. మన పిల్లాడికి అప్పటికి నలభై తొమ్మిదేళ్ళు. పుట్టిన దేశం నించే మూటా ముల్లె సర్దుకుని ఓడెక్కాలి.

అలా వచ్చినవాళ్ళ పేరు మీదే విశాఖపట్నం కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఉంది. వెళ్ళకుండా అక్కడే ఉండిపోయినవాళ్ళకి 1982లో ఇంకో చట్టం వచ్చింది. 1823కి ముందునించీ తాతముత్తాతలు అక్కడున్నట్టు ఉంటేనే అసలు పౌరుడు, మిగతావాళ్ళు తక్కువ తరగతి పౌరులో, పరాయివాళ్ళో. 1823 అంటే మన ఆనకట్టకి మొదటి రాయి కూడా పడని కాలం.

ధవళేశ్వరం, కడియం, కోరంగి వైపు మీ ఇళ్ళల్లో రంగం వెళ్ళొచ్చినోళ్ళ ఓడ టికెట్టు గానీ, ఉత్తరం గానీ, పనికిరాని పాత బర్మా నోటు గానీ ఉంటే పారేయకండి. ఫొటో తీసి పంపండి, ఎవరిదో ఏ ఊరో కూడా రాయండి.