కళింగపట్నం

శ్రీకాకుళం జిల్లా గార మండలంలోని సముద్రతీర గ్రామం. ఒడిశా కొండల్లో పుట్టిన వంశధార ఇక్కడే బంగాళాఖాతంలో కలుస్తుంది. ఒకప్పుడు ఓడరేవు, ఆ రోజుల గుర్తుగా దీపస్తంభం మిగిలింది. విశాలమైన ఇసుక తీరం, ఒడ్డున వరసగా పడవలు, ఆరబెట్టిన వలలు, సరుగుడు తోటల నీడ ఇప్పటి ఆకర్షణలు. నదీముఖం దగ్గర నీటిలోకి దిగకపోవడమే మంచిది.

ఊరికి పడమరగా, వంశధార దక్షిణ తీరాన శాలిహుండం కొండ ఉంది. వ్యావహారిక భాషోద్యమకారుడు గిడుగు రామమూర్తి 1919లో ఇక్కడి బౌద్ధ అవశేషాలను గుర్తించారు. తవ్వకాల్లో ఇటుక స్తూపాలు, చైత్యాలు, ధాతుపేటికలు, తార, మారీచి విగ్రహాలు బయటపడ్డాయి. మెట్లెక్కి పైకి చేరితే గుండ్రటి ఇటుక పునాదులు, కింద వంకర తిరిగిన నది ఒకేసారి కనిపిస్తాయి. చూడవలసిన వాటిలో మొదటిది ఇదే.

అదే మండలంలోని శ్రీకూర్మంలో విష్ణువు కూర్మరూపంలో కొలువై ఉన్నాడు. స్వామి పడమటి ముఖంగా ఉండటం, ఆలయానికి రెండు ధ్వజస్తంభాలు ఉండటం విశేషం. స్తంభాల మీది శాసనాలను, మండపం గోడల మీది పాత వర్ణచిత్రాలను చాలామంది దర్శనం తొందరలో చూడకుండానే వచ్చేస్తారు. ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచుతారు. శ్రీకాకుళం దగ్గర అరసవల్లి సూర్యదేవాలయంలో మార్చి, అక్టోబరు నెలల్లో కొద్ది రోజులు ఉదయపు కిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి.

కళింగపట్నానికి శ్రీకాకుళం నుంచి రోడ్డు మార్గం ఉంది. దగ్గరి రైల్వే స్టేషన్ ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు.