ప్రశ్న ఎవరి చేతిలో ఉంది? ఉద్దానం విద్యార్థి, ఉన్నత విద్య

ఉద్దానం చదువుల చరిత్ర చెప్పమంటే ఏ ఊళ్ళో ఎప్పుడు బడి వచ్చింది, ఎక్కడ కాలేజీ పెట్టారు అన్న లెక్కతో చాలామంది ఆగిపోతారు. దళిత విద్యార్థి వైపు నిలబడి మేం అడిగేది వేరు: తరగతిలో ప్రశ్న ఎవరి చేతిలో ఉంది?

1960ల్లో బొడ్డపాడులో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను రాజకీయ పాఠంగా మలిచారు. అక్షరం రాని కూలీకి కూడా దోపిడీ లెక్క అర్థమైంది. 1969 డిసెంబరులో ఆయన పోలీసుల చేతిలో హతమయ్యారు. ఆ పాఠం విలువను మేం కాదనడం లేదు. అయితే కథ కట్టినవారు ఒకరు, విన్నవారు వేరొకరు. విన్న మాల మాదిగలు కులం గురించి వేసుకున్న ప్రశ్నలకు ఉద్యమ చరిత్రల్లో దొరికిన చోటు తక్కువే.

విశ్వవిద్యాలయం సంగతీ అంతే. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడింది. 1977లో ఎచ్చెర్లకు దాని పీజీ కేంద్రం వచ్చింది, 2008లో అదే డా. బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయమైంది. పలాస, టెక్కలి పిల్లలకు దూరం తగ్గింది. 1982లో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం, బడి మెట్టెక్కనివాళ్ళు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరొచ్చంది. 1991లో దానికీ అంబేద్కర్ పేరే పెట్టారు. ఒంటరిగా కూర్చున్నవాడికి కూడా అర్థమయ్యేలా తెలుగులో పాఠాలు అచ్చువేసింది. ఇది పెద్ద మేలు. కానీ "స్వయంగా చదువుకో" అన్న మాట, ఇంట్లో పుస్తకమే లేని పిల్లవాడికి "నీ తిప్పలు నువ్వు పడు" అన్నట్టే వినిపిస్తుంది.

మరి అంబేద్కర్ ఎలా నేర్చుకున్నారు? 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో, గోల్డెన్‌వైజర్ నడిపిన సెమినార్‌లో ఆయన కులాల పుట్టుక మీద వ్యాసం చదివారు. సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేత్కర్ ఇచ్చిన నిర్వచనాలను ఒక్కొక్కటే పరీక్షించారు. లోటు ఎక్కడుందో చూపించి, సొంత కులంలోనే పెళ్ళి అన్న కట్టడే కులానికి మూలమని తన మాట చెప్పారు. అప్పటికాయనకు పాతికేళ్ళు. ఆయన తెలివి ఆయనదే. అయితే పెద్దల మాటను కూడా పరీక్షించి, తన మాట పదిమంది ముందు పెట్టే చోటు ఆ సెమినార్ ఇచ్చింది.

ఆ పద్ధతి ఇక్కడ సాధ్యమే. ఉద్దానం కిడ్నీ జబ్బునే తీసుకుందాం. 2023 డిసెంబరులో పలాసలో ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. నీళ్ళన్నారు, ఎండలో పని అన్నారు, పురుగుమందులన్నారు. ఒకే కారణమని ఇంకా తేలలేదు. అధ్యాపకుడు రెండు మూడు అధ్యయనాలు చేతికిచ్చి, వీళ్ళు ఎవరిని లెక్కించారు, ఎవరిని వదిలేశారు, కూలీ, కులం, తాగే నీళ్ళ సంగతి అడిగారా అని చూడమనాలి. మొదటిసారి కలిసి చదవాలి. రెండోసారి దారి చూపి వదలాలి. మూడోసారి ప్రశ్న కూడా విద్యార్థిదే కావాలి. జీడి పిక్కలు కొట్టే తల్లి చేతులు ఎందుకు కాలతాయో ఆ అమ్మాయే రాస్తుంది. ముందు తన యాసలో రాసినా సరే. తోటివాళ్ళు అడుగుతారు, ఆమె దిద్దుకుంటుంది.

సిలబస్ పూర్తికాదు అంటారు. నోట్సు బట్టీ పట్టించి పూర్తిచేసిన సిలబస్ పరీక్ష దాటగానే చెరిగిపోతుంది. పైగా చేయిపట్టి నేర్పని పనిని "వీళ్ళకి రాదు" అని విద్యార్థి కులానికి అంటగడతారు. ఉపాధ్యాయ మిత్రులు ఈ ఏడాది ఒక్క పాఠంతోనైనా మొదలుపెట్టాలని, విద్యార్థి సంఘాలు దాన్ని హక్కుగా అడగాలని మేం కోరుతున్నాం.