డ్రైవరు లేని రైలు: యంత్రానికి చేరిన పని, మనిషికి మిగిలిన పని

హుజూర్‌నగర్ నుంచి కోదాడ, సూర్యాపేట మీదుగా హైదరాబాదు వెళ్లేవారు చాలామంది ఎల్.బి. నగర్‌లో బస్సు దిగి మెట్రో ఎక్కుతారు. మొదటి పెట్టె ముందుభాగంలో అద్దం వెనుక కూర్చున్న లోకో పైలట్‌ను విద్యార్థులు చూసే ఉంటారు. రైలును ఆ మనిషే నడుపుతున్నట్లు కనిపిస్తుంది. కానీ స్టేషను దాటిన తరువాత వేగం పెంచడం, తగ్గించడం, తరువాతి ప్లాట్‌ఫారం వద్ద సరైన చోట ఆపడం మామూలుగా యంత్రమే చేస్తుంది. తలుపులు మూయడం, బయలుదేరడానికి మీట నొక్కడం, పట్టాల మీద కన్నేసి ఉంచడం మనిషి వంతు. ఇదే కుటుంబానికి చెందిన సిగ్నల్ వ్యవస్థతో దుబాయి మెట్రో 2009 సెప్టెంబరు 9 నుంచి డ్రైవరు లేకుండానే నడుస్తోంది. ఒకే రకం సాంకేతికత ఒకచోట మనిషిని తప్పించింది, మరొకచోట ఉంచింది. ఎందుకు? ఈ పాఠంలో మనం పరిశీలించే ప్రశ్న ఇదే.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. డ్రైవరు లేని రైలు ఒక రోజున, ఒక ఆవిష్కరణతో పుట్టలేదు. డ్రైవరు పని అనేది నిజానికి చాలా చిన్న పనుల మూట. ఆ మూటను విప్పి ఒక్కొక్క పనినే యంత్రానికో, వేరొక మనిషికో అప్పగిస్తూ వచ్చారు. మన ఆర్టీసీలో కొన్ని సర్వీసుల్లో కండక్టరు లేకుండా డ్రైవరే టిక్కెట్టు కొట్టడం మీరు ఎరిగినదే. అక్కడ కండక్టరు పోయాడు గాని కండక్టరు పని పోలేదు, డ్రైవరు మీద పడింది. రైళ్లలోనూ జరిగింది ఇలాంటిదే. లండన్ నగరంలో 1968లో ప్రారంభమైన విక్టోరియా లైనులో రైలు తనంతట తానే నడిచేది. ముందు కూర్చున్న మనిషి తలుపులు మూసి, బయలుదేరే మీటలు నొక్కేవాడు. అంటే 2017లో హైదరాబాదుకు వచ్చిన పని విభజన అప్పటికే అర్ధశతాబ్దం నాటిది.

పూర్తిగా మనిషి లేకుండా నడిచే బండ్లు మొదట కుదురుకున్నది నగరాల్లో కాదు, విమానాశ్రయాల్లో. అమెరికాలోని టాంపా విమానాశ్రయంలో 1971లో వెస్టింగ్‌హౌస్ సంస్థ తయారుచేసిన చిన్న రబ్బరు చక్రాల బండ్లు ప్రయాణికులను ప్రధాన భవనం నుంచి విమానాల దగ్గరికి చేర్చడం మొదలుపెట్టాయి. 1974లో డాలస్ ఫోర్ట్‌వర్త్, 1980లో అట్లాంటా ఆ దారి పట్టాయి. పిల్లలను చూడటానికి డాలస్ వెళ్లే మన ప్రాంతపు తల్లిదండ్రుల్లో కొందరు అక్కడ 2005లో వచ్చిన స్కైలింక్ బండి ఎక్కే ఉంటారు. విమానాశ్రయమే ఎందుకు? దారి పొట్టిది, కంచె లోపలిది. పశువులు రావు, ఎదురుబండి రాదు. యజమాని ఒక్కడే. ఒక రకంగా ఇది అడ్డంగా నడిచే లిఫ్టు. అన్నిటికంటే ముఖ్యమైన కారణం, అక్కడ అంతకుముందు రైలు డ్రైవర్లే లేరు, కాబట్టి తొలగించవలసినవారూ లేరు.

నగరాల్లో ఆ సౌకర్యం లేదు. జపాన్‌లోని కోబె 1981లో, ఫ్రాన్స్‌లోని లీల్ 1983లో డ్రైవరు లేని లైన్లు తెరిచాయి. రెండూ పూర్తిగా కొత్త లైన్లే. అయితే మన ప్రశ్నకు అసలు ఆధారం కెనడాలో దొరుకుతుంది. జర్మనీలో రూపొందిన సెల్‌ట్రాక్ అనే నియంత్రణ వ్యవస్థను 1980ల మధ్యలో రెండు కెనడా నగరాలు ఇంచుమించు ఒకే రకం రైళ్లతో వాడాయి. 1985లో తెరిచిన టొరంటోలోని స్కార్‌బరో లైనులో డ్రైవరును ఉంచారు. కొద్ది నెలల తేడాతో వచ్చిన వాంకూవర్ స్కైట్రెయిన్‌లో ఉంచలేదు. టొరంటోలో కార్మిక సంఘం అభ్యంతరం, ప్రయాణికుల జంకు కారణాలని చెబుతారు. అదే దేశం, అదే యంత్రం, నిర్ణయాలు మాత్రం వేరు. సాంకేతికతే చరిత్రను నడుపుతుందని వాదించేవారు ఈ ఉదాహరణకు జవాబు చెప్పవలసి ఉంటుంది.

ఆ సెల్‌ట్రాక్ చేతులు మారుతూ ఫ్రాన్స్‌కు చెందిన థేల్స్ సంస్థకు చేరింది. దుబాయికీ, హైదరాబాదుకూ దాన్ని అందించింది ఆ సంస్థే. హైదరాబాదు మెట్రో ఒప్పందం 2010లో ఎల్ అండ్ టీతో కుదిరింది. దక్షిణ కొరియాలోని హ్యుందాయ్ రోటెమ్ 57 రైళ్లు సరఫరా చేసింది. 2017 నవంబరు 28న నాగోలు, మియాపూర్ మధ్య 30 కిలోమీటర్ల మార్గం ప్రారంభమైంది. 2018 సెప్టెంబరులో ఎల్.బి. నగర్ వరకు వచ్చింది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్, ఎంజీబీఎస్ మధ్య మార్గంతో మొత్తం 69 కిలోమీటర్లయింది.

ఈ వ్యవస్థ పనిచేసే తీరు తెలియాలంటే మిర్యాలగూడ స్టేషనును తలచుకోండి. బీబీనగర్, నడికుడి లైను వంటి మార్గాల్లో పాత సూత్రం ఒకటి ఉంది: రెండు స్టేషన్ల మధ్య ఒక సమయంలో ఒకే బండి. ముందు బండి అవతలి స్టేషను చేరితేగాని ఇవతల సిగ్నల్ పడదు. హైదరాబాదు మెట్రోలో అలా కాదు. ప్రతి రైలూ తానెక్కడున్నదీ రేడియో ద్వారా ఎప్పటికప్పుడు చెబుతుంది. వెనుక రైలు ఎంతవరకు రావచ్చో కంప్యూటరు లెక్కకట్టి పంపుతుంది. ముందు రైలు కదిలేకొద్దీ వెనుక రైలు హద్దు కూడా కదులుతుంది. అందుకే రైళ్లను తక్కువ ఎడంతో నడపగలుగుతారు. ఈ పద్ధతిని మనదేశంలో తొలినాళ్లలో వాడిన మెట్రోల్లో హైదరాబాదు మెట్రో ఒకటి.

మరి మనిషి ఎందుకు మిగిలాడు? ముందు రైలు ఎక్కడుందో యంత్రానికి తెలుసు. పట్టాల మీద పడిన మనిషి సంగతి దానికి తెలియదు. దుబాయి స్టేషన్లలో ప్లాట్‌ఫారానికీ పట్టాలకూ మధ్య అద్దాల గోడ ఉంటుంది, రైలు వచ్చి ఆగితేనే అందులోని తలుపులు తెరుచుకుంటాయి. వాంకూవర్‌లో గోడ లేదు గాని పట్టాల మీద ఎవరైనా పడితే పసిగట్టే ఏర్పాటు ఉంది. హైదరాబాదులో అద్దాల గోడలు కట్టలేదు. ఆ గోడ చేసే పనిని ఇక్కడ లోకో పైలట్ కళ్లు చేస్తున్నాయి. రెండో కారణం చట్టం. ఢిల్లీ మెజెంటా లైనులో 2020 డిసెంబరు 28న దేశంలో తొలి డ్రైవరు లేని మెట్రో రైలు నడిచింది. అందుకు ముందుగా మెట్రో రైల్వేల నిబంధనలను మార్చవలసి వచ్చింది. హైదరాబాదు ఒప్పందం రాసుకున్న 2010లో ఆ వెసులుబాటు లేదు. మూడోది ఖర్చు. ప్రైవేటు పెట్టుబడితో కట్టిన మార్గంలో 57 స్టేషన్లకు అద్దాల గోడలు కట్టడం కంటే లోకో పైలట్లకు జీతాలివ్వడమే తేలిక అన్న లెక్కకు బలం ఉందని నా అంచనా. కార్మికుని వేతనం తక్కువగా ఉన్న దేశంలో యంత్రం ఆలస్యంగా వస్తుందన్నది ఆర్థిక చరిత్రలో పాత సంగతే.

ఇక్కడ పణంగా ఉన్నవి ఉద్యోగాలు. హైదరాబాదు మెట్రో లోకో పైలట్లలో జిల్లాల నుంచి వచ్చిన యువతులు కూడా ఉన్నారు. పని పూర్తిగా యంత్రానికి పోతే వారి సంగతేమిటి? పారిస్ నగరం దీనికి ఒక జవాబు చూపింది. 1900 నాటి ఒకటో నంబరు లైనును 2012 నాటికి డ్రైవర్లు లేని లైనుగా మార్చారు. ముందు ప్లాట్‌ఫారాల మీద తలుపులు బిగించారు. డ్రైవర్లను ఇంటికి పంపకుండా సంఘాలతో మాట్లాడి ఇతర లైన్లకు, పై పనులకు మార్చారు. అలాంటి ఒప్పందం దానంతట అది రాదు, దాని వెనుక బలమైన సంఘం ఉండాలి.

మనిషి లేని రైలుకు మనుషులు అక్కరలేదని కూడా అనుకోరాదు. హైదరాబాదు రైళ్ల కదలికలను ఉప్పల్ డిపోలోని నియంత్రణ కేంద్రంలో కూర్చున్న ఉద్యోగులు తెరల మీద కనిపెట్టి ఉంటారు. సిగ్నల్ మొరాయించినప్పుడు దారి చూపేది వారు, బండిని చేత్తో నడిపి స్టేషను చేర్చేది లోకో పైలట్. ఢిల్లీలో డ్రైవరు లేని రైళ్లు వచ్చిన కొత్తలో కూడా రైలులో ఒక సహాయకుణ్ణి ఉంచారు.

మామూలు రైళ్ల విషయంలో మన ప్రాంతం మరో దారి పట్టింది. 2022 మార్చి 4న వికారాబాదు వైపు గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య కవచ్ వ్యవస్థను పరీక్షించారు. ఒకే పట్టా మీద ఎదురెదురుగా వచ్చిన ఇంజన్లలో రైల్వే మంత్రి ఉన్న ఇంజను రెండోదానికి 380 మీటర్ల దూరంలో తనంతట తానే ఆగిపోయింది. కవచ్ తయారీలో ముందున్న మేధ, హెచ్.బి.ఎల్., కెర్నెక్స్ మూడూ హైదరాబాదు సంస్థలే. కవచ్ డ్రైవరును తప్పించడానికి వచ్చింది కాదు, అతడు ఏమరుపాటున ఎర్ర సిగ్నల్ దాటితే బండిని ఆపడానికి వచ్చింది. తెలుగువారు ఎందరో నివసించే బెంగళూరులో 2025 ఆగస్టులో ప్రారంభమైన ఎల్లో లైను రైళ్లు మనిషి లేకుండా నడవగలిగినవే. అయినా మొదటి రోజు నుంచి వాటి ముందు భాగంలో ఆపరేటరు కూర్చుని ఉన్నాడు.