ఫలక్‌నుమా వచ్చేలోగా

మీరు ట్రాఫిక్ అనే రైల్వే కాలనీ నుంచి స్టేషన్‌కి బయల్దేరేసరికి క్వార్టర్ల ముందు ముగ్గులు ఇంకా తడారలేదు. పేరుకి ఇది పశ్చిమ బెంగాల్. కుళాయి దగ్గర బిందెల కోసం పోట్లాట మాత్రం అచ్చం శ్రీకాకుళం యాసలో సాగుతోంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో పనికోసం వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ళకి ఇది మూడో తరమో నాలుగో తరమో. మీ ముందు నడుస్తున్న ఆర్పీఎఫ్ కానిస్టేబులమ్మాయి కూడా ఇక్కడి పిల్లే. పై అధికారులతో హిందీ, ఆటోవాళ్ళతో బెంగాలీ, ఇంట్లో మన భాష.

స్టేషన్ మెట్లు దిగారు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫాం అని క్విజ్ పుస్తకాల్లో చదివింది దీని గురించే. 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్, ఆ తర్వాత హుబ్బళ్ళి దీన్ని దాటేశాయి. ఊరివాళ్ళకి ఆ బాధ ఇంకా ఉంది. ఈ చివర నుంచి ఆ చివరకి నడిచే కానిస్టేబుల్‌కి మాత్రం ఈ పొడవు గొప్పగా ఏమీ కనిపించదు. జనరల్ బోగీలు బండికి రెండు కొసల్లోనూ ఉంటాయి. పిల్లల్ని పనికి తరలించేవాళ్ళు నిలబడేదీ అక్కడే. నడిమధ్య గొడవేదైనా జరిగి అటు పరిగెత్తిందంటే కొసన ఏం జరుగుతోందో ఆమెకి తెలీదు.

హౌరా నుంచి సికింద్రాబాద్ వెళ్ళే ఫలక్‌నుమా రావడానికి ఇంకా గంట పడుతుంది. ఆమె టీ బండి దగ్గర ఆగింది.

"ఏటి మావా, ఆ ఆరుగురూ ఎప్పుడొచ్చారు?"

"తెల్లారగట్ల ఆద్రా బండి దిగారమ్మా. టీ ఇమ్మంటారా అనడిగితే పిల్లలు ఎంటొచ్చినోడికేసి చూశారు. ఆడు వద్దన్నాడు. ఒక్కడూ మారు మాటాడలేదు."

చివరి స్తంభం దగ్గర ఆరుగురు కుర్రాళ్ళు వరసగా కూర్చున్నారు. అందరి కాళ్ళకీ కొత్త చెప్పులు, ఒకే రంగు, ఒకే రకం. మధ్యలో ముప్ఫై ఏళ్ళవాడు. వీపున సంచి, చేతిలో రెండు ఫోన్లు. మీరైతే చూసి దాటిపోతారు. మేనమామ పిల్లల్ని సెలవులకి తీసుకెళ్తున్నాడనుకుంటారు. ఈ వ్యాపారం సాగేదే మీరు అలా అనుకోవడం మీద. కట్టేసి ఎత్తుకుపోవడం సినిమాల్లో. ఇక్కడ పిల్లాడు నడిచొస్తాడు, తండ్రి ఒప్పుకునే ఉంటాడు, చేతికి అడ్వాన్సు ముట్టే ఉంటుంది.

ఆమె లాఠీ ఆడించలేదు. గొంతు పెంచలేదు. పిల్లల పక్కన కూలబడి హిందీలో కబుర్లు పెట్టింది. ఎక్కడికిరా? హైదరాబాద్. ఎందుకు? చార్మినార్ చూడ్డానికి. ఆరుగురిదీ ఒకటే జవాబు, ఒకటే మాటలు. ఒక్కొక్కణ్ణీ నాలుగడుగులు పక్కకి తీసుకెళ్ళింది. మీ మామ వాళ్ళమ్మ పేరేంటి? ఒకడు నేల చూపులు చూశాడు. ఇంకొకడు, "ఆయన మాకు మామ కాదు, ఊరికే అలా పిలవమన్నాడు" అనేశాడు.

ఆ మనిషి ఆధార్ కార్డులు తీశాడు. ఆరింటిలోనూ పుట్టిన తేదీ జనవరి 1. ఏ కార్డు చూసినా పద్దెనిమిది దాటినట్టే ఉంది. గొంతు కూడా మారని పిల్లాడికి పంతొమ్మిదేళ్ళట! బాలల న్యాయ చట్టం 2015లో వయసు తేల్చే పద్ధతి 94వ సెక్షన్ చెబుతుంది. ముందు బడి సర్టిఫికెట్ చూడాలి, అది లేకపోతే పంచాయతీ ఇచ్చిన పుట్టినతేదీ పత్రం, రెండూ లేకపోతేనే వైద్య పరీక్ష. అందులో ఆధార్ ఊసే లేదు. ఆమె కార్డులన్నీ కవర్లో పెట్టి ఉంచుకుంది.

వరసలో చివరి కుర్రాడి చేతులు చూడండి. వేళ్ళ కొసలు నున్నగా మెరుస్తున్నాయి, చర్మం మీద గీతల్లేవు. వీడు హైదరాబాద్ వెళ్ళడం ఇది మొదటిసారి కాదు. లక్క గాజుల పని. బొగ్గుల మీద కరిగిన లక్కని గాజుకి పట్టించి, అది ఆరేలోగా వేలితో నొక్కి ఒక్కో రాయీ అతికించాలి. పట్టకారుతో చేస్తే ఆలస్యమవుతుంది. పెద్దవాళ్ళ వేళ్ళు లావు, కూలీ ఎక్కువ, ఎదురు మాట్లాడతారు కూడా. అందుకే పిల్లలు. 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీలో పోలీసులు ఇలాంటి గాజుల గదుల మీద పడితే రెండొందల మందికి పైగా పిల్లలు దొరికారు. ఎక్కువమంది ఈ ఆరుగురిలాగే బీహార్ వాళ్ళు. చార్మినార్ పక్కన లాడ్‌బజార్‌లో మనం బేరమాడి కొన్న గాజుల్లో వాళ్ళు చేసినవెన్నో! ఆ ఏడాది నుంచే ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ముస్కాన్ పేరిట గాలింపులు జరుగుతున్నాయి. నెల తెలిసిపోయాక యజమానులు కూడా జాగ్రత్తపడరా అని నా అనుమానం.

"బీహార్ నించి సికింద్రాబాద్‌కి తిన్నగా దానాపూర్ బండి ఉంది కదా, ఇటెందుకు తిప్పుతున్నాడు?" అని మీరడిగారు.

"అందులో అందరి కళ్ళూ ఉంటాయండి. హౌరా, టాటా, ఆద్రా, ఒడిశా, అన్ని దార్లూ కలిసేది ఇక్కడే. ఇంత జనంలో ఎవడు ఎవడితో వచ్చాడో ఎవరు చూస్తారు?"

టీ మావ గ్లాసులు కడుగుతూ అందుకున్నాడు. "మా తాతనీ ఓ మేస్త్రీయే తెచ్చాడు బాబూ ఈ ఊరికి." నిజమే. అయితే తాత అప్పటికి మీసాలొచ్చిన మనిషి. జీతం రాళ్ళు ఆయన చేతికే వచ్చేవి. నచ్చకపోతే బండెక్కి వెళ్ళిపోయే వీలుండేది.

ఫలక్‌నుమా వచ్చింది, ఆగింది, వెళ్ళింది. ఆరుగురూ ప్లాట్‌ఫాం మీదే ఉన్నారు. వాళ్ళలో చిన్నవాడు ఏడుపు లంకించుకున్నాడు. రైలు ఎక్కనివ్వలేదని!

ఇక్కడి నుంచి అంతా కాగితాల పని. మనిషిని జీఆర్పీకి, అంటే ప్రభుత్వ రైల్వే పోలీసులకి అప్పగించాలి, పిల్లల్ని 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ ప్రకారం ఒకరికి మించి పిల్లల్ని అక్రమంగా తరలిస్తే కనీసం 14 ఏళ్ళ జైలు, యావజ్జీవం దాకా పడొచ్చు. శిక్ష గట్టిదే. చిక్కల్లా కేసుది. కేసు ఖరగ్‌పూర్‌లో, పిల్లలు గయా జిల్లాలో, గాజుల యజమాని హైదరాబాద్‌లో. రెండేళ్ళకో మూడేళ్ళకో వాయిదా పడితే ఆ ఆరుగుర్నీ ఇక్కడికి తీసుకొచ్చి సాక్ష్యం చెప్పించేదెవరు?

పిల్లల్ని తీసుకుని కంసావతి నది దాటి, కమిటీ ఉండే మేదినీపూర్ వచ్చారు. కబురందుకుని నున్నటి వేళ్ళ కుర్రాడి తండ్రి మర్నాటికి చేరుకున్నాడు. కొడుకుని చూడగానే ముందడిగింది అడ్వాన్సు గురించి. ఊళ్ళో దళారి అప్పటికే ఫోన్ చేశాడట, పిల్లాడు పనికి చేరలేదు కాబట్టి డబ్బు తిరిగి కట్టమని.

కమిటీ సభ్యురాలు ఓపిగ్గా చెప్పుకొచ్చారు. 1976 వెట్టిచాకిరీ నిషేధ చట్టం కింద అలాంటి బాకీ చెల్లదు, తీర్చక్కర్లేదు. విడుదల పత్రం వస్తే పిల్లలకి 2 లక్షల దాకా పునరావాస సాయం కూడా ఉంది. అసలు మొత్తం రావాలంటే మాత్రం నేరం రుజువవ్వాలి, ముందుగా వచ్చేది 30 వేలే. పైగా దారిలోనే ఆగిపోయిన ఐదుగురు పనే మొదలుపెట్టలేదు. వాళ్ళు వెట్టిలో ఉన్నారని ఏ అధికారి చేతా రాయించడం తేలిక కాదు. వీడు నిరుడు పనిచేశాడు గనక వీడి వాంగ్మూలం పనికొస్తుంది. దళారి పేరూ నంబరూ రాసి, కింద వేలిముద్ర వెయ్యమన్నారు.

తండ్రి ఇంకు డబ్బీ కేసి చూశాడు. వెయ్యలేదు.

"చట్టం ప్రకారం చెల్లదనే అంటున్నారు కదా అమ్మా," అన్నాడు. "వాడి ఇల్లు మా ఇంటి పక్కనే. ముందు మా తమ్ముడితో ఓ మాట మాట్లాడనివ్వండి."

ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్ళాడు.