దేవదాసు వ్యక్తిత్వం: మనోవిశ్లేషణ, చరిత్ర

తెలుగులో 'దేవదాసు' కేవలం సంజ్ఞావాచకంగా మిగలలేదు. గడ్డం పెంచుకొని దిగాలుగా తిరిగే యువకుణ్ణి చూసి "దేవదాసైపోయాడు" అనడం పరిపాటి. పేరు ఇలా వాడుకలో నలిగిపోవడంతో అసలు పాత్రపై పరిశీలన తగ్గింది.

శరత్‌చంద్ర చటోపాధ్యాయ బెంగాలీ నవల 1917లో వెలువడింది. వేదాంతం రాఘవయ్య దర్శకత్వం వహించిన చిత్రం 1953లో తెలుగు, తమిళ భాషలు రెండింటిలోనూ విడుదలైంది. రెండింటిలోనూ అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి నాయికానాయకులు. కనుక తమిళనాట పెరిగిన తెలుగు విద్యార్థికి ఈ పాత్ర ఇరుగుపొరుగు భాషల ఉమ్మడి సొత్తు.

ఆ 1917లోనే సిగ్మండ్ ఫ్రాయిడ్ శోకానికీ విషాదరోగానికీ గల భేదాన్ని వివరించే వ్యాసం ప్రకటించాడు. ఒకరి ప్రభావం మరొకరిపై ఉందని కాదు. పోలిక మాత్రం ఉపకరిస్తుంది. శోకంలో మనిషి పోయినదాన్ని క్రమంగా వదులుకుంటాడు. విషాదరోగంలో, పోయిన వ్యక్తిపై గల కోపం తనపైకే తిరిగి ఆత్మనిందగా మారుతుంది. పార్వతి రాత్రివేళ తానై వచ్చి అడిగినా దేవదాసు తండ్రి మాట దాటలేడు. తర్వాత పశ్చాత్తాపంతో తిరిగివచ్చినప్పుడు ఆమె నిరాకరిస్తే ఆమెను గాయపరుస్తాడు. అదే కోపం అటుపై మద్యం రూపంలో అతని శరీరాన్నే దహిస్తుంది. ఇంతవరకు ఫ్రాయిడ్ సూత్రం చక్కగా వర్తిస్తుంది.

అయితే నష్టపోయింది అతనొక్కడేనా? పార్వతి వయసు మళ్లిన జమీందారుకు రెండవ భార్యగా వెళ్లి, సవతి పిల్లలున్న సంసారాన్ని నడుపుతుంది. చంద్రముఖి తన వృత్తినే వదులుకుంటుంది. వారిద్దరి దుఃఖం ఆత్మనాశనానికి దారితీయలేదు. ఈ తేడాను కేవలం అంతరంగంతో వివరించలేము.

ఇక్కడ కారెన్ హార్నీ తోడ్పడుతుంది. మానసిక వైకల్యాలను ఆయా సమాజాల సంస్కృతి రూపొందిస్తుందని ఆమె 1937 నాటి గ్రంథంలో వాదించింది. దేవదాసు జమీందారు బిడ్డ. పని చేయకపోయినా పూట గడిచే స్థితి అతనిది. నవలలో పార్వతి పుట్టింటివారు కన్యాశుల్కం పుచ్చుకొనే వంశం కావడం ఈ సంబంధానికి ఒక అభ్యంతరం. ఆ దురాచారం తెలుగునాట 1892లోనే గురజాడ నాటకానికి వస్తువైంది. అంటే దేవదాసు పిరికితనం వెనుక కుల గౌరవం, ఆస్తి, పితృాధికారం ఉన్నాయి. తనను తాను నాశనం చేసుకొనే తీరిక సైతం అతనికి ఆ ఆస్తే ఇచ్చింది. పార్వతికి ఆ తీరిక లేదు.

కల్పిత పాత్రను రోగిలా పరీక్షించడం సులభం. కాని పాత్రకు రచయిత రాసిన గతం తప్ప వేరే గతం లేదు. అందుచేత విద్యార్థులు సిద్ధాంతాన్ని అన్వయించే ముందు కథలోని సాక్ష్యాన్ని కూడబెట్టుకోవాలి. అదే కష్టం ఎదురైన ఇతర పాత్రలు ఏం చేశాయో పోల్చి చూడాలి. అలా చూస్తే 'దేవదాసు' చిత్రంలో మనం ఇన్నాళ్లూ పక్కన పెట్టిన పార్వతి వ్యక్తిత్వమే ఎక్కువ పరిశీలనకు యోగ్యమని తోస్తుంది.